గోనెతెరే హద్దు

పాసయ్యాను! నిన్న మధ్యాహ్నం లండను నుంచి తంతి వచ్చింది. భూమి సర్వేలో పట్టా! మా ఇంట్లో పట్టా అన్నది పుచ్చుకున్న మొదటివాణ్ణి నేనే. మా తాత ఈ ద్వీపం చెరుకు తోటల్లో కూలికి వస్తూ, కోరంగి రేవులో ఓడెక్కేముందు ఒప్పందం కాగితం మీద బొటనవేలు వేశాడు. మా నాన్న కూడా వేలిముద్రతోనే బతుకంతా వెళ్ళదీశాడు. నేను యాభైతొమ్మిదో ఏట పట్టభద్రుణ్ణయ్యాను. తంతి తెచ్చిన తపాలా మనిషిని కావలించుకుంటే పాపం ఆయన టోపీ బురదలో పడింది.

ఇందులో చిన్న చిక్కు ఒకటుంది. ముప్ఫై ఆరేళ్ళు ఈ పని చేసి పోయిన ఏడే మానేశాను. మానేశాక, నువ్వు ఈ పనికి తగినవాడివేనని కాగితం వచ్చింది. మా ఆవిడ అచ్చమ్మ తంతిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇప్పుడు ఇదెట్టుకుని ఏటి కొలుత్తావు? మన పెరడా?" అంది. కొలిచాను కూడా. ఆనందం పట్టలేక నిన్న సాయంత్రమే కొలిచాను. ఇన్నాళ్ళూ అనుకున్నదానికంటే మూడడుగులు తక్కువుంది.

మా టేర్ రూజ్ ఊళ్ళో మనవాళ్ళ అబ్బాయిలు ఇద్దరు సర్వే ఆఫీసులో చేరబోతున్నారు. వాళ్ళకోసం నాలుగు మాటలు రాయమని తెలుగు పంతులుగారు ఏడాదిగా అడుగుతున్నారు. పట్టా లేనివాడి సలహా ఎవరికి కావాలి అని తప్పించుకున్నాను. ఇక తప్పించుకునే వీలు లేదు. ఏ కుర్చీలోంచి ఏ కుర్చీకి మారానో రాయను. నాకు పని నేర్పింది ఒక ఇల్లు, దాని సంగతే రాస్తాను.

దొరగారి బూట్లు

ఇక్కడ సర్వేయరుని అర్పాంతర్ అంటారు. అర్పాంతర్ అంటే భూమి కొలిచేవాడని మీరు అనుకుంటున్నారు. నేనూ అలాగే అనుకుని చేరాను. భూమి కొలవడం సులువు, అది కదలదు. మనం కొలిచేది ఒకరి మొహం ఒకరు చూసుకోని ఇద్దరు మనుషుల మధ్య ఉన్న చోటుని. కొలత గొలుసు ఈ చివర పట్టుకున్నవాడూ ఆ చివర నించున్నవాడూ ఇద్దరూ మననే తిడుతుంటారు.

మా దొర మిసియే అర్మాన్, మిసియే అంటే ఇక్కడ అయ్యగారు. ఆఫీసు పోర్ట్ లూయిస్‌లో. ఆయన తెల్ల కాన్వాసు బూట్లు వేసుకునేవాడు. నేను చూసినన్నాళ్ళూ అవి తెల్లగానే ఉన్నాయి. పొలాలు కొలిచే మనిషి బూట్లు తెల్లగా ఎలా ఉంటాయో మీరే ఊహించుకోండి. గొలుసు లాగేది నేను, కోణాలు చూసేది నేను, పటం గీసేది నేను. సంతకం ఆయనది. చెడ్డవాడు కాదు. త్రిభుజాల లెక్క నాకు నేర్పింది ఆయనే. మధ్యాహ్నం భోజనానికి నాకు వరండాలో వేరే బల్ల వేయించేవాడు, దానిమీద గుడ్డ కూడా పరిపించేవాడు. వరండాలో బల్లకి గుడ్డ పరిపించే దొరలు ఆ రోజుల్లో ఎక్కువమంది లేరు.

ఆయన నాకు చెప్పిన వృత్తి ధర్మం ఒక్కటే. "రామీ, అక్షరాలు అందంగా రాయి. అక్షరాలు అందంగా ఉంటే అంకెల గురించి ఎవరూ అడగరు." నా పూర్తి పేరు రామినాయుడు. సగం పేరు పలికేసరికే ఆయనకి అలసట వచ్చేది.

ఇప్పుడు మా ఆఫీసు రహస్యం చెబుతాను. ఇల్లు చూసి నివేదిక రాయాలని చట్టం. మేము నివేదిక రాసి ఇల్లు చూసేవాళ్ళం. పొద్దున్నే రైలు, దొరగారికి పొద్దున్నే లేవడం పడదు. అందుకని ముందురోజే ఆఫీసులో నా చేత నివేదిక రాయించి, కొలతలకి ఖాళీలు వదిలించి, తను సంతకం పెట్టి, నన్ను పంపించేవాడు. ఉమ్మడి ఇళ్ళ పంపకమైతే ఆ ఖాళీలు కూడా అక్కర్లేదు. "ఈ ఇల్లు సౌకర్యంగా విభజించడానికి వీలుపడదు" అని ఒకే వాక్యం. ఎన్ని ఇళ్ళకి రాశానో నాకే తెలీదు. ఇల్లు రెండు ముక్కలు కాదంటే కోర్టు వేలం వేయిస్తుంది. వేలమంటే దస్తావేజులు రాసే నోటరీకి పని, టముకు వేసేవాడికి పని, మాకు మళ్ళీ పని. అదే రెండు ముక్కలవుతుందంటే ఆ ఇంటి ఇద్దరికి తప్ప ఎవరికీ లాభం లేదు. కనుక మా ద్వీపంలో విభజించడానికి వీలైన ఇల్లు ఒక్కటీ ఉండేది కాదు.

పైడమ్మ, అప్పలసామి

బ్రిజే వెర్దియేర్‌లో చెరుకు తోటల మధ్య పైడమ్మ, అప్పలసామి అని ఇద్దరు ఉండేవారు. తోట యజమాని అంచున ఉన్న భూమిని ముక్కలు చేసి అమ్మినప్పుడు ఇద్దరూ కలిసి ఒక ముక్క కొన్నారు. కొన్న కాగితం మీద ఇద్దరి వేలిముద్రలూ పడ్డాయి. రాళ్ళు ఇద్దరూ మోశారు, చెక్కలు ఇద్దరూ పట్టుకున్నారు, పైన రేకు వేశారు. రెండు గదుల ఇల్లు.

వాళ్ళకి పెళ్ళి ఎలా అయిందో ఊరంతటికీ తెలుసు. పందిరి వేశారు, పసుపుబట్టలు కట్టారు, తలంబ్రాలు పోశారు, మూడు రోజులు భోజనాలు పెట్టారు. ఒక్కటే చెయ్యలేదు, సర్కారు పుస్తకంలో రాయించలేదు. మనవాళ్ళలో అప్పట్లో ఎవరు రాయించారు గనక? సర్కారు పుస్తకంలో లేని పెళ్ళి సర్కారుకి పెళ్ళి కాదు. ఇల్లు కొన్న కాగితంలో నోటరీ గుమాస్తా ఇద్దరినీ పెళ్ళి కానివాళ్ళని రాసేశాడు. చదవడం రాని ఇద్దరూ సంతోషంగా వేలు వేశారు.

తొమ్మిదేళ్ళ తర్వాత అప్పలసామి అన్న సింహాద్రికి ఆ ఇంటి మీద కన్ను పడింది. సింహాద్రి తోటలో సర్దారు, అంటే కూలీల మీద అజమాయిషీ. కొడుక్కి పెళ్ళి చెయ్యాలి, కొత్త జంటకి ఇల్లు కావాలి. అప్పలసామి మెత్తటి మనిషి, అన్న దగ్గితే తను గొంతు సవరించుకుంటాడు. "సరే అన్నా" అనేసి, పైడమ్మని ట్రియోలేలో పుట్టింటికి వెళ్ళమన్నాడు.

"ఎందుకెల్తాను?" అంది పైడమ్మ. "ఈ రాళ్ళు మోసింది నా నడుం. నీ అన్న నడుం కాదు."

ఆ రోజే చక్కెర గోనెలు విప్పి కుట్టి, ఇంటి నడిమధ్యన దూలానికి తెర కట్టేసింది. ఈ గది తనది, ఆ గది అతనిది. రెండేళ్ళు అలాగే ఉన్నారు.

సింహాద్రి కోర్టుకెక్కాడు. ఎక్కించింది తమ్ముణ్ణి, మాట్లాడింది తను. "ఇది మావోడి పెళ్ళామే కాదు. కాయితంలో అలాగే ఉంది. బయటికి పంపండి." కాగితం విప్పి చూశారు. నిజమే, పెళ్ళాం కాదు. అయితే పరాయి మనిషి. పరాయి మనిషి సగం కొనుక్కుంది కాబట్టి ఇంట్లో సగం ఆమెదే. పెళ్ళామై ఉంటే భర్త అనుమతి లేకుండా వాటా అన్న మాటే ఎత్తడానికి వీల్లేదు. పెళ్ళాం కాదని నిరూపించి, ఆమెకి సగం ఇల్లు సంపాదించి పెట్టినవాడు సింహాద్రి.

ఇది తెలిసిన మరునాడే సింహాద్రి, ఆ పెళ్ళి చేయించిన పురోహితుణ్ణి వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చాడు. "ఆయో, నాను పొరపాటు పడ్డాను! పెళ్ళామే! మూడు రోజులు తిన్నాం!" సర్కారు పుస్తకంలో లేదు కనుక కోర్టు ఒప్పుకోలేదు. చివరికి ఆయనకి ఒకే దారి మిగిలింది, వేలం. ఇల్లు విభజించడానికి వీలుకాదంటే వేలం పడుతుంది. ఆ ఊళ్ళో సర్దారు మీద పోటీ పాడే మొనగాడు లేడు. ఇల్లు ఆయనది, రోడ్డు పైడమ్మది.

కోర్టు మా దొరని నియమించింది, చూసి చెప్పమని.

నేను చేసిన తప్పు

వాన పడుతున్న రోజు. నివేదిక సంచిలో ఉంది, సంతకంతో సహా. గొలుసూ సంచిలోనే ఉంది. రైలు దిగి రెండు మైళ్ళు తడుసుకుంటూ నడిచి వెళ్ళాను.

"రా తమ్ముడా, కూకో. టీ ఎడతాను" అంది పైడమ్మ. నేను తెలుగువాణ్ణని తెలిశాక తమ్ముడు తప్ప ఇంకో పిలుపు లేదు.

గోనెతెర అవతల నుంచి మగగొంతు వినపడింది. "పంచదార ఎక్కువెయ్యి, పట్నం మనిషి."

"నీ మాటలు నీ పక్కనే ఉంచుకో," అంది ఆమె తెర వైపు తిరక్కుండానే.

"అల్లం కూడా ఎయ్యి. తడిసొచ్చాడు."

"నీకెలా తెలుసు తడిసాడని? తెరలోంచి సూత్తన్నావా?"

"వాన పడతంది గదే!"

ఆమె అల్లం వేసింది. రెండు గ్లాసులు పోసింది. ఒకటి నాకిచ్చి, ఒకటి తెర కింద నుంచి అవతలికి తోసింది. "ఎదవ వాసనకి ఊరుకోడు" అని నాకు సంజాయిషీ చెప్పింది.

టీ తాగుతూ తెర సందులోంచీ గుమ్మంలోంచీ చుట్టూ చూశాను. రెండు గదులు, రెండు తలుపులు. అవతల ఒక పొయ్యి, ఇవతల ఒక పొయ్యి. అతని ములగచెట్టు అటు, ఆమె నిమ్మచెట్టు ఇటు. నా ఉద్యోగంలో అంత శుభ్రంగా పంచుకున్న ఇల్లు చూడలేదు. ఏ అర్పాంతరూ రాకుండా పంచుకున్నారు కాబట్టే అంత శుభ్రంగా ఉంది. నా సంచిలో ఉన్న కాగితం మాత్రం ఇల్లు విభజించడానికి వీలుపడదు, మనుషులకి పెళ్ళి కాలేదు అంటోంది. విడిపోయిన ఇంటిని కలిపేసింది, అయిన పెళ్ళిని విడదీసేసింది.

తెలిసీ ఆ కాగితాన్నే కోర్టుకి ఇచ్చేశాను. అదీ నా తప్పు. ఎందుకిచ్చానంటే, సంతకం అయిపోయింది, సిరా ఆరిపోయింది, దొరని మళ్ళీ సంతకం అడగాలంటే భయం. ఇంతకంటే మంచి కారణం ఏదైనా రాద్దామని పొద్దుట్నించీ ఆలోచిస్తున్నాను. లేదు.

రెండు భాషల మధ్య

కోర్టులో నివేదిక చదివారు. పైడమ్మ లేచి నిలబడింది. ఆ రోజు తెలుగు తెలిసిన దుబాసీ రాలేదు. మేజిస్ట్రేటు చుట్టూ చూసి, "ఆ సర్వే గుమాస్తా ఈమె జాతివాడే కదా, అతణ్ణి పిలవండి" అన్నాడు. వెళ్ళి ఇద్దరి మధ్యా నిలబడ్డాను.

"ఈ కాయితం ఎప్పుడు రాశారో అడుగు తమ్ముడా."

అడిగాను. మేజిస్ట్రేటు చదివాడు. ఉదయం పది గంటలకి, ఇంటివద్దనే, కొలతలు తీసిన మీదట అని.

"పది గంటలకి నువ్వు నా ఇంట్లో టీ తాగుతున్నావు. గొలుసు సంచిలోనే ఉంది. సంచి నా బియ్యం డబ్బా మీద ఎట్టావు. మూతి ముడి ఇప్పనేదు. ముడి మీద నా పిల్లి తొంగుంది. ఉన్నదున్నట్టు సెప్పు."

చెప్పకపోతే? హాల్లో తెలుగు తెలిసినవాళ్ళు ఊరివాళ్ళు, వాళ్ళకి ఫ్రెంచి రాదు. ఫ్రెంచి తెలిసినవాళ్ళు దొరలు, వాళ్ళకి తెలుగు రాదు. రెండూ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆమె వానల గురించి మాట్లాడుతోందని చెప్పినా చెల్లిపోతుంది. మా దొర నా వైపు నవ్వుతూ చూస్తున్నాడు. ఇంట్లో అచ్చమ్మ గుర్తొచ్చింది, నలుగురు పిల్లలు గుర్తొచ్చారు. పైడమ్మ మాత్రం నన్ను చూడటంలేదు. చెప్పేశాను కదా, ఇక నీ పని అన్నట్టు మేజిస్ట్రేటునే చూస్తోంది.

చెప్పాను. గొలుసు, సంచి, ముడి, పిల్లి, అన్నీ. ఆమె నువ్వు అన్నచోట మాత్రం వచ్చిన గుమాస్తా అన్నాను.

"ఎవరా గుమాస్తా?" అన్నాడు మేజిస్ట్రేటు.

"నేనేనండి."

హాలంతా గొల్లుమంది. మా దొర ముందుకి వంగి, "రామీ, సరిగ్గా అనువదిస్తున్నావా?" అన్నాడు.

"సరిగ్గానే మిసియే. అదే చిక్కు."

ఆయన తన తెల్ల బూట్లకేసి చూసుకున్నాడు.

"మరి ఇల్లు విభజించడానికి వీలుకాదా?" అని అడిగించాడు మేజిస్ట్రేటు.

"ఈలు కాదని మాకెవులూ సెప్పనేదు బావూ," అంది పైడమ్మ. "తెలీక రెండేళ్ళ కిందటే పంచేసుకున్నాం."

మళ్ళీ కొలవమన్నారు. అంతటితో ఆమె కూర్చుని ఉంటే నాకు హాయిగా ఉండేది. కూర్చోలేదు.

"ఇంకో తప్పుంది. పెళ్ళి కాని మనిషినని రాశారు. నా పెళ్ళిలో తిన్నోళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. లెగండి!"

బెంచీల మీద పన్నెండుమంది లేచారు. సింహాద్రి కూడా అలవాటుగా సగం లేచి, గుర్తొచ్చి కూలబడ్డాడు.

మేజిస్ట్రేటు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మంచివాడే, కాని ఆయన దగ్గరున్న పుస్తకం ఒకటే. "భర్త ఉన్న స్త్రీగా అయితే ఆమె ఈ పంపకం అడగడానికి వీల్లేదు. పెళ్ళి కాని స్త్రీగా అయితే సగం ఆమెది. ఏ స్త్రీగా అడుగుతోందో చెప్పమను."

నా ఉద్యోగంలో నేను తెలుగులో పలికిన అన్ని మాటల్లోకీ కష్టమైంది ఇదే. "అక్కా, పెళ్ళాన్నంటే ఇల్లు లేదు. కాదని వేలిముద్ర వేస్తే సగం నీది. ఏం చెప్పమంటావు?"

అప్పలసామి మోకాళ్ళకేసి చూసుకుంటున్నాడు. ఆమె అతనికేసి చూసింది. ఒక్క మాట అంటాడేమోనని నేనూ చూశాను. పక్కనే కూర్చున్న అన్న దగ్గాడు, అతను గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు సెప్పేది ఏ బాసలో?" అంది నన్ను.

"ఫ్రెంచిలో అక్కా."

"అయితే ఫ్రెంచిలో పెళ్ళాన్ని కానని సెప్పు. తెలుగులో అవును."

"ఏమంటోంది?" అన్నాడు మేజిస్ట్రేటు.

మొదటి సగం చెప్పాను. రెండో సగానికి ఆ పుస్తకంలో చోటు లేదు. ఆమె వేలిముద్ర వేసి, ఆ సిరాని కొంగు చివరతో తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

దొరగారి టోపీ

నన్ను తీసేస్తే గొలుసు లాగేవాడు లేడు కనుక నా పని నిలిచింది. రెండోసారి మా దొర స్వయంగా వచ్చాడు. బూట్లు మొదటిసారి ఎర్రమట్టి చూశాయి. గొలుసు తీశాను, నాలుగు వైపులా కొలిచాను, గోనెతెర వెంబడే గీత గీశాను. తెర నడిమధ్య నుంచి రెండంగుళాలు పక్కకి ఉంది, ఆమె వైపుకే. కోపంలో కట్టిన మనిషి అతనికే ఎక్కువ ఇచ్చింది.

అంతటితో అయిపోవాలి. కాని వాటాలు ఎవరికి ఏది అన్నది చీట్లు వేసి తేల్చాలని చట్టం. ఎవరి గదిలో వాళ్ళు ఉన్నారు కదా అంటే చట్టం వినదు. దొరగారి టోపీలో రెండు చీట్లు వేశాం. అప్పలసామి తీసిన చీటీలో పైడమ్మ గది, నిమ్మచెట్టు వచ్చాయి. పైడమ్మకి అతని గది, ములగచెట్టు.

"మార్చుకోవచ్చా?" అన్నాడు అప్పలసామి భయంభయంగా.

"దానికి ఇంకో దస్తావేజు కావాలి," అన్నాడు దొర ఆశగా.

"అక్కర్నేదు," అంది పైడమ్మ. "నువ్వు నా గదిలోకి రావొద్దు, నాను నీ గదిలోకి రాను. దొరగారిని ఎల్లమను."

ఈ రోజుకీ అలాగే ఉన్నారు. చట్టం ప్రకారం ఆమె ఉన్నది అతని ఇంట్లో, అతను ఉన్నది ఆమె ఇంట్లో. ఒకరింట్లో ఒకరు, అద్దె లేకుండా, అడక్కుండా. దీన్ని పెళ్ళి అనని సర్కారు ఇంక దేన్ని అంటుందో నాకు తెలీదు.

పటం అంచున

ఇంతవరకు ఎవరికీ చెప్పనిది ఇప్పుడు చెబుతున్నాను. తెలుగులో రాస్తున్నాను కనుక చదివేది మీరే.

ఆ ఇంటి పటం శుభ్రంగా గీసేటప్పుడు, తెలుగులో అవును అన్న ఆ రెండో సగం గుర్తొచ్చింది. ఆమె చెప్పమంది, నేను చెప్పలేదు. అందుకని పటం అంచు చుట్టూ సన్నగా తీగలాగ అల్లుకుంటూ తెలుగు అక్షరాల్లో రాశాను: "పైడమ్మ, అప్పలసామి పెళ్ళాం, ఈ ఇంట్లో సగానికి యజమానురాలు. పెళ్ళికి ఊరంతా భోంచేసింది."

దొర పటం పట్టుకుని వెలుతురులో చూశాడు.

"ఈ తీగ ఏమిటి రామీ?"

"అలంకారం మిసియే."

"చాలా బాగుంది. రెండో ప్రతికి కూడా పెట్టు."

పెట్టాను. రెండు ప్రతుల మీదా ఆయన సంతకం చేశాడు. సర్కారు దస్తావేజుల గదిలో ముద్రలతో సహా ఉన్నాయి. ఆ తర్వాత ఆయన ప్రతి పటానికీ ఆ తీగ కావాలన్నాడు. వాటికి ఉత్త ఆకులే గీశాను.

అబ్బాయిలూ, నేను చెప్పేది ఇంతే. ముందు సంచి ముడి విప్పండి, తర్వాత కలం విప్పండి. అక్షరాలు అందంగా రాయమన్న మా దొర మాట మాత్రం వదిలిపెట్టకండి, ఎప్పుడు పనికొస్తుందో తెలీదు. నేను చేసింది నేరమేనంటారా? అయి ఉండొచ్చు. ముప్ఫై ఆరేళ్ళూ లాక్కోవడానికి నా దగ్గర పట్టా లేదు. నిన్నటి నుంచి ఉంది.

ఎదురుగా చీనా దుకాణంలో ఫోను ఖాళీ అయింది, దుకాణదారు చెయ్యి ఊపుతున్నాడు. ఇంకా చెయ్యవలసినవాళ్ళు:

మిసియే అర్మాన్, క్యూర్‌పీప్. చెవుడు వచ్చింది. రామీ అని రెండుసార్లు అరవాలి. పట్టా అంటే ఎవరికి అంటాడు.

మా పెద్దమ్మాయి, ట్రియోలే. పక్కింటివాళ్ళ ఫోను. ఏడుస్తుంది, అందుకని పొట్టిగా.

పంతులుగారు. ఆయనకి ఫోను లేదు, సైకిలు మీద వెళ్ళాలి. ఈ కాగితాలు ఇచ్చి రావాలి.

సర్దారు సింహాద్రి. ఇంటికి ఫోను పెట్టించుకున్నాడు, మోగేదే లేదట. మోగనీ.

పైడమ్మక్క. బ్రిజే వెర్దియేర్ దుకాణానికి చేస్తే పిలుచుకొస్తారు. ఆమెకి చదవడం రాదు, అంచు చుట్టూ ఏముందో ఇన్నేళ్ళలో నేను చెప్పలేదు. ముందు అది చెప్పాలి. లైను తెగకపోతే పట్టా సంగతి.